నాంపల్లి నుంచి మస్కట్‌కి నేనూ, నా బారోమీటరూ

2022 సెప్టెంబరులో నేను మస్కట్‌లోని ఒక క్యాన్సర్ ఆస్పత్రిలో సీనియర్ మెడికల్ ఫిజిసిస్టుగా చేరాను. హైదరాబాదులో అదే పని ముప్పై ఏళ్లకు పైగా చేసి, రిటైరై, ఇంట్లో మూడు నెలలు ఊరికే కూర్చుని, ఆ కూర్చోవడం నా వల్ల కాదని తేలాక వచ్చిన ఉద్యోగం అది. మూడేళ్ల ఒప్పందం. ఆ మూడేళ్లూ ఆదివారం నుంచి గురువారం దాకా మస్కట్‌లో, శుక్ర శనివారాలు నాంపల్లిలో గడిపాను. వారం వారం విమానమెక్కి ఇంకో దేశానికి ఉద్యోగానికి వెళ్లివచ్చే ఆడమనిషి ఎలా ఉంటుందో చూద్దామని మా వీధిలోవాళ్లు కొందరు పనిగట్టుకుని వచ్చి చూసి వెళ్లారు. జీతమంతా టికెట్లకే పోతుందేమో అని అడిగినవారికి అప్పుడూ జవాబు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

మెడికల్ ఫిజిసిస్టు డాక్టరు కాదు, నర్సూ కాదు. క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఇచ్చే పెద్ద యంత్రం ఒకటుంటుంది. మనవాళ్లు ఆ వైద్యాన్ని ‘కరెంటు పెట్టడం’ అంటారు. డాక్టరు ఎంత రాస్తే ఆ యంత్రం అంతే ఇస్తోందా, పిసరు ఎక్కువో తక్కువో ఇస్తోందా అని కొలిచి చూసే బాధ్యత మాది. రోగులకు మా మొహం తెలియదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆస్పత్రిలో కొలతలు తీస్తానని చెబితే మా అత్తగారు కుట్టుపని అనుకుని పక్కింటావిడ జాకెట్టు గుడ్డ కూడా తెచ్చి నా చేతిలో పెట్టారు.

వారం వారం తిరగడానికి కారణం మావారు. రామచంద్రమూర్తిగారు నాంపల్లి కోర్టులో సివిల్ లాయరు. వాళ్ల నాన్నగారు 1956లో సచివాలయంలో గుమస్తాగా తెనాలి నుంచి వచ్చి నాంపల్లిలో దిగారు. అప్పటినుంచి ఆ ఇంటివాళ్లకి ప్రపంచమంతా స్టేషన్‌కీ ఆబిడ్స్‌కీ మధ్యనే ఉంది. మావారి చేతిలో ఉన్న దావాల్లో కొన్ని మా పెళ్లికంటే పాతవి, ఆయన సీనియర్ నుంచి వచ్చినవి. “నాకు వాయిదాలున్నాయి వసుంధరా, నేను రాలేను. నీకు పని లేకపోతే నువ్వు ఉండలేవు. వెళ్లిరా,” అన్నారు. వెళ్లు అనలేదు, వెళ్లిరా అన్నారు. ఆ మాట పట్టుకునే నేను మస్కట్ వాళ్లతో బేరం పెట్టాను.

మా విభాగాధిపతి ఒమానీ డాక్టరు. తక్కువ మాట్లాడే మనిషి. అక్కడ వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. ఆ రెండు రోజులూ నేను ఎక్కడుంటే తనకేమని ఒప్పుకున్నారు కానీ, ఒక షరతు పెట్టారు. ఆదివారం ఉదయం మొదటి రోగి రాకముందే నేను యంత్రం దగ్గర ఉండాలి, నా రాకపోకల వల్ల యంత్రం పనికి ఇబ్బంది వచ్చిన రోజున ఈ ఏర్పాటు ఆగిపోతుంది అన్నారు. న్యాయమైన షరతే. సంతకం పెట్టాను.

మొదటి ఏడాది హాయిగా గడిచింది. గురువారం పని ముగించుకుని విమానమెక్కితే రాత్రికి ఇల్లు. శుక్రవారం పొద్దున ఆబిడ్స్‌లో పనులు చూసుకుని, కోర్టు భోజన విరామానికి గేటు దగ్గర నిలబడేదాన్ని. నల్లకోటు చేతిమీద వేసుకుని ఆయన వచ్చేవారు. స్టేషన్ ఎదుటి హోటల్లో ఇద్దరం భోంచేసేవాళ్లం. ఇన్నేళ్ల కాపురంలో పనిదినాన మధ్యాహ్నం కలిసి తిన్నది ఆ మూడేళ్లలోనే, అది కూడా నేను వేరే దేశంలో ఉద్యోగం చేస్తున్నందువల్లే. శనివారం మధ్యాహ్నం మళ్లీ విమానం. పోగొట్టుకున్నది ఒక్కటే, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాలు. అవి ఆయన కొని దాచిపెట్టేవారు, నాకు అక్కర్లేనివే ఎక్కువగా.

నాతోపాటు ప్రతి ప్రయాణంలో నా బారోమీటరు కూడా వచ్చేది. గాలి ఎంత బరువుగా నొక్కుతోందో చెప్పే సాధనం అది. అరచేతిలో పట్టేంత ఇత్తడి డబ్బా, అద్దం కింద ఒక ముల్లు, పైన తోలు సంచి. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది మావారు ఆబిడ్స్‌లో సైన్సు సామాన్లమ్మే దుకాణంలో కొనిచ్చారు. సొంత సాధనాన్ని కంటికి దూరంగా ఉంచకూడదని మా మొదటి సీనియర్ నేర్పిన అలవాటు. కళ్లజోడు ఒక ఊళ్లో, మనిషి ఒక ఊళ్లో ఉంటే ఎలా అనేవారు. మస్కట్ ఆస్పత్రిలో గోడకున్న బారోమీటరు నేను చేరేసరికే పాడైంది. కొత్తది కొనమని వాళ్లు అర్జీ పెట్టబోతుంటే, నా దగ్గర ఇంతకంటే మంచిది ఉందని చెప్పి ఆపాను.

శంషాబాద్ విమానాశ్రయం తనిఖీలో అది ప్రతివారం ఒక విశేషం. అక్కడ సుజాత అని వరంగల్ వైపు అమ్మాయి ఉండేది. మొదటిసారి డబ్బాను అటూ ఇటూ తిప్పి, “ఏంది మేడమ్ ఇది, గడియారమా? ముల్లు తిరుగుతలేదు,” అంది. వాన వచ్చేదీ రానిదీ కూడా దీన్ని చూసి చెప్పొచ్చని వివరించాను. ఆ తర్వాత నన్ను చూడగానే, “ఇయ్యాల వాన పడ్తదా మేడమ్? బట్టలు ఆరేసి వచ్చిన,” అని అడిగేది. విమానం పైకి లేచాక సంచి తీసి చూస్తే ముల్లు అంకెలన్నీ దాటి అంచుకు ఆనుకుని ఆగిపోయి ఉండేది. పైన గాలి పలచన కదా, ఎంత చక్కగా చూపిస్తోందో అని ముచ్చటపడేదాన్ని.

ఆ బారోమీటరు మా పనిలో ఎందుకో చెప్పాలి. యంత్రం ఇచ్చే రేడియేషన్‌ను మేం ఛాంబర్ అనే చిన్న గొట్టంతో కొలుస్తాం. దాని లోపల మామూలు గాలే ఉంటుంది. రేడియేషన్ ఆ గాలిని తాకితే రీడింగు వస్తుంది. గాలి పలచగా ఉంటే రీడింగు తక్కువ వస్తుంది, చిక్కగా ఉంటే ఎక్కువ వస్తుంది. హైదరాబాదు ఎత్తుమీద ఉంది కాబట్టి ఇక్కడి గాలి కొంచెం పలచన. మస్కట్ సముద్రపు ఒడ్డు, అక్కడ చిక్కన. అందుకని బారోమీటరు చూసి, గాలి పలచదనానికి తగ్గట్టు రీడింగును సరిచేశాకే అసలు లెక్క వస్తుంది. బారోమీటరు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తే, గాలి పలచగా ఉందని మోసపోయి మేం రీడింగును అనవసరంగా పెంచుతాం. అప్పుడు యంత్రం సరిగ్గానే ఇస్తున్నా ఎక్కువ ఇస్తున్నట్టు కనిపిస్తుంది.

రెండో ఏడాది సరిగ్గా అలాగే కనిపించడం మొదలైంది. ఆదివారం ఉదయం నేను కొలిస్తే యంత్రం రెండు శాతానికి పైగా ఎక్కువ ఇస్తోంది. ఆ హద్దు దాటితే వదిలేయడానికి వీల్లేదు. ఒక్క కొలత చూసి యంత్రాన్ని ముట్టుకోకూడదని కూడా మాకు నియమం. మంగళవారం మళ్లీ కొలిచాను. అంతా సరిగ్గా ఉంది. పై ఆదివారం మళ్లీ ఎక్కువ, మంగళవారం మళ్లీ మామూలు. యంత్రం తయారుచేసిన కంపెనీ ఇంజనీరును పిలిపిస్తే రెండు రోజులు విప్పదీసి చూసి, ఏ లోపం లేదని రాసిచ్చి వెళ్లాడు.

అక్కడ రోగులకు రేడియేషన్ ఇచ్చే టెక్నాలజిస్టులందరికీ పెద్ద యాదగిరి. గౌలిగూడలో పుట్టిన మనిషి, మస్కట్‌లో ఇరవై ఏళ్లుగా ఉన్నాడు. దాదాపు నా వయసువాడే. పనిలో నిక్కచ్చి, నోరు పెద్దది. రోజూ పొద్దున యంత్రాన్ని సరిచూసే వేరే పరికరం అతని చేతిలో ఉంటుంది. అది ఆదివారం కూడా బాగుందనే చెప్పేది. కానీ ఫిజిసిస్టు కొలతకూ టెక్నాలజిస్టు కొలతకూ తేడా వస్తే ఫిజిసిస్టుదే నిలుస్తుంది. అది యాదగిరికి మంటగా ఉండేది. “నా పరికరం మంచిగనే చెప్తుంది మేడమ్. మిషిన్ గిట్ల శుక్ర, శని రెండు దినాలు పండుకొని లేస్తే తాకత్ వస్తదా ఏంది? మీరు వారం వారం గీడికి గాడికి తిరుగుడు బంజేయండి, అన్నీ సక్కగైతయ్,” అన్నాడు. నా రాకపోకలు అతనికి మొదటినుంచీ గిట్టవు. ఆస్పత్రిని నమ్ముకున్నవాళ్లు ఊళ్లోనే ఉండాలని అతని సిద్ధాంతం. అయినా ప్రతి శనివారం నాంపల్లి నుంచి ఉస్మానియా బిస్కెట్లు తెప్పించుకోవడం మాత్రం మానలేదు.

నాలుగు ఆదివారాలు అయ్యాక విభాగాధిపతి నన్ను పిలిచారు. యంత్రం సరిగ్గా ఉంటే అలా రాయండి, లేకపోతే సరిదిద్దండి, రెండూ కాకుండా ఇలా ఎన్నాళ్లు అన్నారు. ఆయన తొందరలో తప్పేమీ లేదు. నేను ఆదివారపు కొలత నమ్మి యంత్రాన్ని తగ్గిస్తే, అది నిజం కాకపోతే, రోజూ వచ్చే రోగులందరికీ మందు తక్కువైనట్టే. ఒక వారాంతం ఊరెళ్లకుండా ఉండి, శుక్ర శనివారాల్లో యంత్రం ఏం చేస్తోందో కనిపెట్టమన్నారు. ఉన్నాను. శుక్రవారం కొలిచాను, శనివారం కొలిచాను, ఆదివారం కొలిచాను. మూడు రోజులూ అణువంత తేడా లేదు.

అంటే నేను ఉంటే యంత్రం బాగుంటుంది, నేను లేకపోతే చెడిపోతుంది. చదువుకున్నవాళ్లం అందరం కూర్చుని తేల్చిన సంగతి అది. విభాగాధిపతి సోమవారం నన్ను పిలిచి మర్యాదగానే చెప్పారు. కారణం ఏదైనా కానివ్వండి, మీరు వారాంతాల్లో ఇక్కడుంటేనే యంత్రం నిలకడగా ఉంటోంది, ఈ నెలాఖరు నుంచి రాకపోకలు ఆపుకోండి, కుదరకపోతే ఇంకొకరిని చూసుకుంటాం అన్నారు. కొలతలు ఆయన పక్షానే ఉన్నాయి.

సాయంత్రం మావారికి ఫోన్ చేశాను. అంతా విని, “నేనే వచ్చేస్తాను. వకాలత్‌లు జూనియర్లకి అప్పగిస్తా. ఎన్నాళ్లని కోర్టు చుట్టూ తిరుగుతాను?” అన్నారు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. కానీ పొద్దున పది కొట్టేసరికి నాంపల్లి కోర్టు మెట్లెక్కకపోతే ఆయనకి రోజు మొదలైనట్టే ఉండదు. ఆ మనిషిని మస్కట్ ఫ్లాటులో టీవీ ముందు కూర్చోబెట్టి నేను ఉద్యోగానికి వెళ్లాలి. లేదా నేను నాంపల్లిలో కూర్చుని గోడలు చూడాలి. వద్దు, ఆలోచిస్తాను అని ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చాను.

ఆ వారం యాదగిరి అన్న కూతురి పెళ్లికి హైదరాబాదు వెళ్లాడు. తిరిగొచ్చిన మర్నాడు, నెలాఖరు ఇంకా రెండు వారాలుందనగా, రెండు చెవుల్లో దూదితో పనిలోకి వచ్చాడు. యంత్రం నడిపే గదిలో రోగి పేరు గట్టిగా అరుస్తుంటే, ఎందుకు అరుస్తున్నావని అడిగాను. వినబడలేదు. మళ్లీ అడిగితే అప్పుడు చెప్పాడు.

“చెవులు దిబ్బడేసినయ్ మేడమ్. విమానం ఎక్కిన్నంటే గంతే. నిన్న దిగిన, ఇంక రెండు దినాలు గిట్లనే ఉంటది. రేపు ఎల్లుండికల్లా జర తెరుచుకుంటయ్. మీకు వారం వారం గిది ఎట్ల పడ్తదో ఏమో!”

నాకేమీ కాదు, అలవాటైపోయింది అన్నాను. అని, బల్లమీద ఉన్న తోలు సంచి వైపు తిరిగాను. నాకు కాదు. నాతోపాటు వారం వారం ఎక్కి దిగేది ఇంకోటి ఉంది. దిగిన రోజు ఒకలా, రెండు రోజులకు మామూలుగా. ఆదివారం ఒకలా, మంగళవారం ఇంకోలా.

బారోమీటరు లోపల పల్చటి రేకుతో చేసిన ఒక చిన్న డబ్బా ఉంటుంది. బయటి గాలి నొక్కితే అది అణుగుతుంది, గాలి పలచనైతే ఉబ్బుతుంది. దాన్నిబట్టి ముల్లు కదులుతుంది. విమానంలో అది తను ఉబ్బాల్సినదానికంటే ఎక్కువ ఉబ్బుతుంది. ముల్లు అంచుకు ఆనుకుని ఆగిపోవడం చూసి నేను ముచ్చటపడ్డది ఆ సమయంలోనే. ఏడాదిపాటు వారానికి రెండుసార్లు ఆ బాధ పడ్డాక రేకు సాగి, కిందికి దిగినా వెంటనే మామూలు స్థితికి రాలేకపోతోంది. ఆదివారం ఉదయానికి ఇంకా ఆకాశంలో ఉన్నట్టే తక్కువ చూపిస్తోంది. ముల్లు చూసేముందు వేలితో మెల్లగా తట్టడం మా పద్ధతి. ఎన్నిసార్లు తట్టినా రేకు తొందరపడదు. మంగళవారానికి సర్దుకుంటుంది. నేను ఊరెళ్లని వారం అదీ వెళ్లలేదు, అందుకే అంతా బాగుంది.

విమానాశ్రయం వాళ్లు చెప్పే గాలి ఒత్తిడితో పోల్చి చూడొచ్చు కదా అని మా వృత్తివాళ్లు అడుగుతారు. హైదరాబాదులో అది పనికిరాదు. విమానాశ్రయాలు ఆ అంకెను సముద్రమట్టానికి మార్చి చెబుతాయి, మనం ఎత్తులో ఉన్నాం, వాడితే లెక్క తప్పుతుంది. విమానాశ్రయం అంకె జోలికి పోవద్దని ముప్పై ఏళ్లు విద్యార్థులకు నేనే పాఠం చెప్పాను. ఆ పాఠం నాకే ఎంత వంటబట్టిందంటే, సముద్రపు ఒడ్డునున్న ఆస్పత్రిలో అది చక్కగా సరిపోతుందన్న సంగతి కూడా తట్టలేదు.

ఆ గురువారం బారోమీటరును యాదగిరి చేతిలో పెట్టి, అతని బీరువాలో ఉంచి తాళం వేయమన్నాను. ఎందుకో చెప్పలేదు. వట్టి చేతులతో ఇంటికొచ్చాను. శుక్రవారం హోటల్లో మావారు, నాలుగు దావాలు ఎవరికి అప్పగించాలో నిర్ణయించేశానని చెప్పారు. సోమవారం దాకా ఎవరికీ ఏమీ ఇవ్వకండని బతిమాలాను. “వాయిదా అడుగుతున్నావా?” అన్నారు. ఔను, ఒక్క వాయిదా ఇవ్వండి అన్నాను.

ఆదివారం ఉదయం యాదగిరి బీరువా తీశాడు. బారోమీటరు చూశాను, విమానాశ్రయం అంకెతో పోల్చాను, ఛాంబర్ పెట్టి కొలిచాను. యంత్రం సరిగ్గా ఇస్తోంది. నేను రెండు రోజులు లేను, యంత్రం రెండు రోజులు పండుకుంది, అయినా తేడా లేదు. సంగతి యాదగిరికి చెబితే, “అంటే నా పరికరం మొదటిసంది కరెక్టే చెప్పింది,” అన్నాడు. ఔనన్నాను. “గదే గద నేను మొత్తుకున్నది!” అని గదంతా తిరిగి అందరికీ చెప్పుకొచ్చాడు. అతని చెవులు అప్పటికి తెరుచుకున్నాయి.

విభాగాధిపతికి ఒక్క ఆదివారం చాలదని నాకు తెలుసు. మరుసటి వారం బారోమీటరును మళ్లీ వెంట తీసుకెళ్లి తెచ్చాను. ఆదివారం ఉదయం ఆయన్ని గదికి పిలిచి, దాని ముల్లు ఎక్కడుందో, విమానాశ్రయం అంకె ఎంతో, రెండూ పక్కపక్కన చూపించాను. మంగళవారం రెండూ కలిసినప్పుడు మళ్లీ పిలిచి చూపించాను. ఆయన సాధనాన్ని చేతిలోకి తీసుకుని, ఇది ఎన్ని ప్రయాణాలు చేసిందని అడిగారు. నేను చేసినన్ని అన్నాను. ఆయన నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. కొత్త బారోమీటరుకు ఆ రోజే సంతకం పెట్టారు. విభాగం నియమాల్లో ఒక వాక్యం చేర్చారు: కొలత సాధనాలు ఆస్పత్రి దాటి వెళ్లరాదు. నా రాకపోకల గురించి ఏమీ రాయలేదు. నా ఒప్పందం ఉన్నంతకాలం ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు.

పై శనివారం శంషాబాద్‌లో సుజాత నా సంచి చూసి, “మీ గడియారం ఏది మేడమ్?” అంది. దానికి ఉద్యోగం అక్కడే, తిరుగుడు నాకే అన్నాను. “మరి వాన సంగతి నాకెవరు చెప్తరు?” అని అడిగింది.

ఒప్పందం ముగిసి వచ్చేటప్పుడు ఆ పాత బారోమీటరును వెంట తెచ్చుకున్నాను. మా ఇంట్లో గోడకుంది. ఇక అది ఎక్కడికీ వెళ్లదు. నాకు ఆ ఉద్యోగాన్నీ, శుక్రవారం భోజనాలనూ నిలబెట్టినవాడు, నా తిరుగుడు ఆపాలని మొదటినుంచీ కోరుకున్న యాదగిరి. అది నేను అతనికి చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. వృత్తిలోకి కొత్తగా వచ్చేవారికి ఈ ఉదంతం నుంచి చెప్పగలిగింది ఒకటుంది. కొలత తేడాగా వస్తే యంత్రాన్ని అనుమానించేముందు, చేతిలో ఉన్న సాధనం ఆ వారం ఎక్కడెక్కడికి వెళ్లొచ్చిందో కనుక్కోండి. మావారు రోజూ పొద్దున కోటు తొడుక్కుంటూ దాని అద్దం మీద వేలితో ఒకసారి తట్టి, ముల్లు చూసి, కోర్టుకు వెళతారు.